నలభై అయిదుకి మూడు తక్కువ

బెల్టు మీద చేపముక్కలు ఆగకుండా వస్తున్నాయి. వెర్లీన్ ఎడమచేతి వేళ్ళు మొద్దుబారి చాలాసేపయింది. మంచునీళ్ళలోంచి వచ్చిన ముక్కను తిప్పి, పొట్టవైపు కొవ్వు చెక్కి, ముల్లు తగిలితే గీరి, పక్క తొట్టిలో వేయాలి. వేసేలోపే ఇంకోటి వచ్చి పడుతుంది. మామూలు రోజైతే ఈపాటికి ఆ బెల్టునీ, దాన్ని నడిపేవాణ్ణీ, వాడి ఏడుతరాలనీ తిట్టుకుంటూ ఉండేది. ఇవాళ మాత్రం కూనిరాగం తీస్తోంది.

"ఐదుకి ఐదూనా?" అని బెల్టు అవతల నుంచి లవాండా మళ్ళీ అడిగింది.

"ఐదుకి ఐదు! ఒక్కటంటే ఒక్కటి పోలేదు," అంది వెర్లీన్. యంత్రాల చప్పుడు మీంచి లవాండాకి వినిపించాలంటే ఎంత గట్టిగా అనాలో, అంతకంటే కొంచెం గట్టిగానే అంది. పక్కన నిలబడ్డ మనిషికి కూడా వినపడాలని.

పక్కన నిలబడ్డ మనిషి ఒడెస్సా, వెర్లీన్ మొగుడికి స్వయానా చెల్లెలు. హైస్కూలు పూర్తి చెయ్యని పెద్దవాళ్ళకి పెట్టే పరీక్ష ఇద్దరూ కలిసే రాశారు. నిన్న సాయంత్రం ఫోన్లలో మార్కులు వచ్చాయి. వెర్లీన్‌కి ఐదు సబ్జెక్టులకీ ఎదురుగా 'పాస్' అని కనిపించింది. అంతే, ఫోను సోఫా మీద పడేసి కేకపెట్టింది. ఒడెస్సాని అడిగితే, "నాకు లెక్కలు పోయాయి వదినా," అని ఒక్క ముక్క చెప్పి ఊరుకుంది.

అయ్యో పాపం అని వెర్లీన్ పైకి అంది. లోపల పాయసం తాగినట్టుంది. ఆ సంగతి దాచి లాభం లేదు. పదిహేడేళ్ళ కాపురంలో అత్తగారి నోట ఒడెస్సా తెలివి, ఒడెస్సా చదువు, ఒడెస్సా మాటతీరు తప్ప ఇంకో మాట విని ఎరగదు వెర్లీన్. తను వండిన చిక్కుడుగింజలు బాగుంటే, "ఒడెస్సా చెప్పినట్టు చేశావా?" అని అడిగే మనిషి ఆవిడ. అటువంటి ఒడెస్సాకి ఒకటి పోయింది, తనకి ఒక్కటీ పోలేదు. దేవుడు ఆలస్యంగానైనా కళ్ళు తెరిచాడనుకుంది.

ఇద్దరూ బడి మధ్యలో మానేసినవాళ్ళే. మిసిసిపీ రాష్ట్రంలో చేపల చెరువుల మధ్యనున్న ఆ ఫ్యాక్టరీలో ఒక ఆనవాయితీ ఉంది. తల్లి మణికట్టు పాడైతే కూతురు వచ్చి అదే చోట నిలబడుతుంది. వెర్లీన్ పదో క్లాసు మధ్యలో అలాగే వచ్చింది. ఒడెస్సా పదకొండులో వచ్చింది. కంపెనీవాళ్ళు గోడ మీద ఫోటోలు పెట్టి, దీనికి కుటుంబబంధం అని పేరు పెట్టుకున్నారు. బెల్టు దగ్గర గంటకి పన్నెండున్నర డాలర్లు. అదే నాణ్యత చూసే ఇన్‌స్పెక్టర్‌కి పదిహేను, పొడి గ్లవుజులు, తెల్లకోటు, కూర్చోడానికి ఒక ఎత్తు స్టూలు. వెర్లీన్‌కి ఆ రెండున్నర డాలర్ల మీద ఎంత ఆశో, ఆ స్టూలు మీద అంతకు రెట్టింపు ఆశ.

భోజనాల గంటలో ఫోర్‌మన్ కెర్న్స్ వచ్చాడు. చేతిలో నల్ల మార్కరు, వెనకాల గోడకి కొత్తగా కొట్టిన తెల్లబోర్డు. దాని మీద రెండు పేర్లు రాసి ఉన్నాయి: వెర్లీన్, ఒడెస్సా.

"ఇద్దరూ పరీక్ష రాశారటగా. శుభం," అన్నాడు. "ఇన్‌స్పెక్టర్ పోస్టు ఒకటే ఉందమ్మా. రూలు ప్రకారం సర్టిఫికెట్ ఉంటే చాలు గానీ, నేనింకో పద్ధతి పెడుతున్నా. మొత్తం మార్కులు ఎవరికి ఎక్కువైతే వాళ్ళదే ఆ స్టూలు. రేపు పొద్దున మీ అంతట మీరే ఇక్కడ రాయండి. అందరూ చూస్తారు. కాస్త సరదాగా కూడా ఉంటుంది."

ఆడవాళ్ళు కొందరు నవ్వారు. ఎవరో అప్పుడే పందెం కూడా కాశారు. మొన్న వేసవి మొదట్లో, బాత్‌రూమ్‌కి వెళ్ళడానికి టైమివ్వాలని ఇదే ఆడవాళ్ళు పదకొండుమంది కలిసి కెర్న్స్ గది ముందు నిలబడ్డారు. అందరికంటే ముందు వెర్లీన్, ఒడెస్సా చేతిలో చెయ్యేసుకుని నిలబడ్డారు. ఆ తర్వాత నాలుగు రోజులకే ఈ పోస్టు సంగతి బయటికొచ్చింది. అప్పట్నుంచీ వదినా ఆడపడుచుల మధ్య మాటలు తగ్గాయి. బాత్‌రూమ్ సంగతి మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

మొత్తం అన్న మాట దగ్గర వెర్లీన్‌కి మనసులో చిన్న ముల్లు గుచ్చుకుంది. వేళ్ళ మీద కలుపుకుంది. చదవడం ఎనిమిది, రాయడం ఎనిమిది, సైన్సు ఎనిమిది, సాంఘికశాస్త్రం ఎనిమిది, లెక్కలు పది. నలభై రెండు. ఒక్కోటీ ఇరవైకి కాబట్టి వందకి నలభై రెండు. ఫర్వాలేదు, ఒకటి పోయినదానికంటే నయమే కదా అనుకుంది.

సాయంత్రం ఇంటి దగ్గర దిగి, నడుచుకుంటూ వెళ్ళి అత్తగారింటి దగ్గర ఆగింది. ఊరంతా మిస్ ఎర్నెస్టీన్ అని పిలిచే ఆవిడ ఇస్త్రీబల్ల ముందు నిలబడి, చర్చివాళ్ళ నీలంరంగు గౌను ఇస్త్రీ చేస్తోంది. జూన్ నెలలో ఒక ఆదివారం, ఆ ఏడు చదువు గట్టెక్కినవాళ్ళందరూ గౌన్లు వేసుకుని చర్చి మధ్యలోంచి నడుస్తారు. ముసలాళ్ళు లేచి చప్పట్లు కొడతారు. పాస్టరుగారు పేరుపేరునా పిలుస్తారు. వెర్లీన్ పేరు నిన్న రాత్రే ఆయనకి చేరిపోయింది. చేర్చింది వెర్లీనే.

"ఏసుకుని చూడు," అంది ముసలావిడ.

గౌను చీలమండలు దాటి నేలమీద జీరాడింది.

"కాళ్ళకి అడ్డం పడుద్ది, చూసి నడువు. నా పిల్ల పొడుగుకి అంచు దించాను మరి. అదే ముందు పాసవుద్దనుకున్నా."

"తప్పయిపోయింది అత్తయ్యా, ఈసారికి నేను పాసయ్యాను," అంది వెర్లీన్.

"ఓసి, నిన్నేమన్నానే ఇప్పుడు? గుండుసూదులు పెడతా, రా."

ముసలావిడ వేళ్ళు వంకరపోయి సూదిని పట్టుకోలేకపోయాయి. ముప్పై ఏళ్ళు బెల్టు దగ్గర నిలబడ్డ వేళ్ళవి. వెర్లీన్ తనే వంగి అంచు మడిచి సూదులు పెట్టుకుంది. ఒడెస్సా కొలతకి దించిన గుడ్డని తన కొలతకి మడుస్తుంటే కడుపులో మంట మళ్ళీ లేచింది. గెలిచినరోజున కూడా అరువు గౌనే తనకి రాసిపెట్టి ఉంది.

అక్కణ్ణుంచి లైబ్రరీకి వెళ్ళింది. వెనక గదిలో పెద్దవాళ్ళకి క్లాసు చెప్పే మిస్ క్లెమీకి ఇద్దామని నిన్న రాత్రి చేసిన నిమ్మకాయ కేకులో సగం తీసుకొచ్చింది. మిస్ క్లెమీ స్కూల్లో రిటైరైన టీచరు. కేకు అందుకుని, "దేనికమ్మా?" అంది.

"పాసయ్యాను కదండీ. సర్టిఫికెట్ ఎప్పుడిస్తారో కనుక్కుందామని."

టీచరు ఆమె ఫోను తీసుకుని, వెర్లీన్ నిన్న ఆపేసిన చోటునుంచి వేలితో కిందికి జరిపింది. కింద 'మొత్తం' అని ఇంకో వరస ఉంది. దానికెదురుగా 'పాస్' అని లేదు.

"కూర్చో వెర్లీన్," అంది.

కూర్చోమన్నారంటే మంచిమాట కాదని వెర్లీన్‌కి తెలుసు. డాక్టరూ అలాగే అంటాడు.

"సబ్జెక్టుకి ఎనిమిది రావాలి. వ్యాసానికి ఆరులో రెండైనా రావాలి. ఇవన్నీ నీకున్నాయి. కానీ ఇవి కాక, ఐదూ కలిపి నలభై అయిదు కూడా ఉండాలమ్మా."

"ఐదెనిమిదులు నలభయ్యే కదండీ!"

"అవును."

"అంటే... అన్నిట్లో పాసయి కూడా ఫెయిలవొచ్చా?"

"అవొచ్చు. నేను క్లాసులో ఈ సంగతి చెప్పాను. అప్పుడు నువ్వు బల్ల మీద తలపెట్టుకుని నిద్రపోతున్నావు. పొద్దుట్నుంచీ నిలబడి వచ్చావని లేపబుద్ధి కాలేదు."

వెర్లీన్ కేకు వంక చూసింది. దానికి పెట్టిన వెన్నంతా గుర్తొచ్చింది.

"ఎనిమిది ప్రశ్నలు రాస్తే పాసన్నారని, ఎనిమిది రాయగానే హమ్మయ్య అనుకున్నానండీ," అంది చివరికి.

"ఎనిమిదంటే ఎనిమిది ప్రశ్నలు కాదు. చూడు, మీ ఫ్యాక్టరీకొచ్చే చేపలన్నీ ఒకే సైజుంటాయా?"

"ఎక్కడండీ! ఉత్తరంవైపు చెరువువి అరచెయ్యంత ఉంటాయి. పెద్ద చెరువువైతే మోచెయ్యంత."

"మరి ఎవరెంత పనిచేశారో ముక్కలు లెక్కపెట్టి చూస్తారా?"

"తూకం వేస్తారు. ముక్కలు లెక్కపెడితే బుడ్డచేపలు పడ్డవాళ్ళే గెలుస్తారు కదా."

"ఇదీ అంతే. ఒకరికొచ్చిన పేపరు ఇంకొకరికి రాదు. ఒకటి కాస్త తేలిక, ఒకటి కాస్త కష్టం. అందుకని ఎన్ని సరైనవో అలాగే చూపించరు. అన్నిటినీ ఇరవై గీతలున్న ఒకే తూకం మీదికి తెచ్చి చెబుతారు. ఎనిమిది అన్నది ఆ తూకం మీద ఒక గీత. వందకింత అన్న లెక్క కూడా కాదది."

వెర్లీన్‌కి అర్థమైంది. అర్థమయ్యాక ఇంకా ఒళ్ళు మండింది. ఎవరో మోసం చేశారంటే కాస్త ఊరటగా ఉండేది.

"మూడే తక్కువ నీకు. ఏదో ఒకటి మళ్ళీ రాయి. పాతదీ కొత్తదీ చూసి, ఏది ఎక్కువైతే అదే ఉంచుతారు. తగ్గేదేమీ ఉండదు."

"మా ఒడెస్సాకి ఎంతొచ్చిందండీ?"

"ఆమె మార్కులు ఆమెనే అడగాలి."

"మా ఫోర్‌మన్ మొత్తం ఎక్కువొచ్చినవాళ్ళకే ఉద్యోగం అంటున్నాడు."

మిస్ క్లెమీ కళ్ళజోడు తీసింది. "అతనికి మొత్తంతో పనేంటి? నలభై అయిదొచ్చినా తొంభై వచ్చినా ఇచ్చేది ఒకటే సర్టిఫికెట్. దాని మీద మార్కులేవీ ఉండవు."

ఆ రాత్రి వెర్లీన్ సరిగా నిద్రపోలేదు. ఆదివారం చప్పట్లు, పాస్టరుగారి పిలుపు, నేలమీద జీరాడే గౌను అన్నీ కలగాపులగంగా కళ్ళముందు తిరిగాయి. అన్నిటికంటే ఎక్కువగా ఒక్క ప్రశ్న తొలిచింది. ఒడెస్సాకి ఈ నలభై అయిదు సంగతి తెలుసా?

శుక్రవారం తెల్లవారకముందే ఒడెస్సా కారు వచ్చి ఆగింది. వెర్లీన్ బండి మూలపడినప్పట్నుంచీ ఇద్దరూ అందులోనే వెళుతున్నారు. ఈమధ్య దారంతా రేడియోలో భక్తిపాటలే తప్ప మాటల్లేవు. వెర్లీన్ ఎక్కగానే రేడియో కట్టేసింది.

"నలభై అయిదు సంగతి నీకు తెలుసా?"

ఒడెస్సా రోడ్డు మీంచి చూపు తిప్పలేదు. "తెలుసు."

"మొన్న నేను ఐదుకైదని అరుస్తుంటే అప్పుడూ తెలుసా?"

"తెలుసు వదినా."

"మరి నోట్లో ఏం పెట్టుకున్నావే?"

రెండువైపులా చెరువుల మీద మంచు పొగలా లేస్తోంది. ఒడెస్సా అద్దం మీద పట్టిన చెమ్మ చేత్తో తుడిచింది.

"చెప్పబుద్ధి కాలేదు. లెక్కల్లో నీకు పదొచ్చాయన్నావ్. నాకు ఏడు. కొట్లో బిల్లు కొట్టకముందే ఎంతయిందో చెప్పేస్తావ్ నువ్వు. నేనేమో ఆ భిన్నాలు పట్టుకుని నెలల తరబడి ఏడ్చా. నీ కేక వింటే నాకు ఒళ్ళంతా కారం రాసినట్టయింది. ఆదివారం గౌనేసుకుని నడవనీ, సోమవారం క్లాసులో తెలుస్తుందిలే, అప్పుడు చూద్దాం దీని సంగతి అనుకున్నా. నిజం చెబుతున్నా. తిట్టుకో."

వెర్లీన్ తిట్టడానికే నోరు తెరిచింది. తిట్టు రాలేదు. తనని చూసి ఒకరు కుళ్ళుకోవడం ఆమె బతుకులో ఇదే మొదటిసారి. అదీ ఒడెస్సా! సిగ్గు లేకుండా సంతోషమేసింది. కాసేపు ఆ సంతోషంలోనే ఉండిపోయేది గానీ, అడగకుండా ఉండలేకపోయింది.

"ఇంతకీ నీ మొత్తం ఎంత?"

"అరవై నాలుగు."

సంతోషం చప్పున చల్లారింది. "అరవై నాలుగా! అంటే పందొమ్మిది మిగిలిపోయి నీ దగ్గర మురిగిపోతున్నాయన్నమాట. నాకు మూడు చాలు కదే!"

"నాకు ఒకటి చాలు. లెక్కల్లో నీకు రెండు మిగిలాయిగా, అవి మురగట్లేదా?"

ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది. సగం నవ్వి ఇద్దరూ ఆపుకున్నారు. కోపం పూర్తిగా పోకుండా నవ్వితే లోకువైపోతామని ఇద్దరికీ భయమే.

"మన కెర్న్స్ ఉన్నాడే," అంది ఒడెస్సా, "వాడికి ఇప్పుడు భలే సుఖంగా ఉంది. పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చినట్టు. మనిద్దరం మొహాలు తిప్పుకున్నాక బాత్‌రూమ్ అని అడిగిన నోరుందా అక్కడ?"

"పెద్దమాటలు బానే చెబుతావ్. అరవై నాలుగు నీదైతే నేనూ చెబుతా పెద్దమాటలు. ఇంకో గంటలో నువ్వు ఆ బోర్డు మీద రాస్తావ్. నా నలభై రెండు పక్కన."

ఒడెస్సా బండి వేగం తగ్గించింది. ఫ్యాక్టరీ గేటు దగ్గర మలుపు తిప్పింది.

బూట్లు, రబ్బరు ఏప్రాన్లు వేసుకుని, క్రిములు చచ్చే మందునీళ్ళలో చేతులు ముంచుకుని అందరూ వరసకట్టేసరికి కెర్న్స్ బోర్డు పక్కనే నిలబడి ఉన్నాడు. పందెం కాసినవాళ్ళు ముందుకొచ్చారు.

"పెద్దదానివి, నువ్వు ముందు రా వెర్లీన్. ఎంత?"

మార్కరు ఆమె ముందుకి చాపాడు. వెర్లీన్‌కి స్టూలు కనిపించింది. బెల్టు చివర ఖాళీగా, పొడిగా ఉంది. నలభై రెండు అని రాస్తే అది పోతుంది. అబద్ధం రాద్దామా అని కూడా ఒక్క క్షణం అనిపించింది. డెబ్భై అని రాస్తే ఎవడు చూడొచ్చాడు? అలా అనుకున్నందుకు తనమీద తనకే రోత పుట్టింది.

"నేను రాయనండీ," అంది.

"ఏం?"

"నేనింకా పాసవ్వలేదు. మొత్తంలో తక్కువైంది. మళ్ళీ రాస్తా. పాసయినరోజున సర్టిఫికెట్ తెచ్చి చూపిస్తా. దాని మీద మార్కులుండవంట. దాని మీద లేనిది మీ బోర్డు మీద ఎందుకుండాలి? రూలులో కూడా లేదని మీరే అన్నారు. అందుకని, మరి, నేను రాయను."

మాట పొడుగైపోయిందని ఆమెకే తెలిసింది. ఐదుకైదు అన్న మనిషి పాసవ్వలేదా అని వెనక గుసగుసలు మొదలయ్యాయి. లవాండా నోరు తెరుచుకుని చూస్తోంది. ఆదివారం కంటే రెండు రోజుల ముందే వెర్లీన్ పరువు ఆ తడినేల మీద పడింది.

కెర్న్స్ నవ్వాడు. "సరే, ఫెయిలైనవాళ్ళు రాయక్కర్లేదులే. ఒడెస్సా, నువ్వు రా. నీ మార్కులు బాగున్నాయని విన్నా."

ఒడెస్సాకి లెక్కలు పోయిన సంగతి అతని దాకా రాలేదు. ఒడెస్సా ముందుకొచ్చింది. వెర్లీన్ ఆ చేతి వంకే చూస్తోంది. అరవై నాలుగు, రెండే అంకెలు. రాయడానికి ఎంతసేపు? తనైతే రాసేది. ఆ మాట మనసులో ఒప్పుకోక తప్పలేదు. అరవై నాలుగే తన దగ్గరుంటే అడక్కముందే, ఆ గోడంత పెద్ద అక్షరాలతో రాసేది.

ఒడెస్సా మార్కరు అందుకోలేదు. రెండు చేతులూ ఎత్తి చూపించింది. మందునీళ్ళు మోచేతుల దాకా కారుతున్నాయి.

"చేతులు తడిగా ఉన్నాయండీ," అంది.

"తుడుచుకో."

"ఈ గదిలో పొడిగుడ్డ ఎక్కడుందండీ? పదకొండేళ్ళుగా వెతుకుతున్నా."

ముందు లవాండా నవ్వింది. తర్వాత ఆమె పక్కనున్నావిడ. ఎవరో వెనకనుంచి, "నావీ తడేనండీ," అని చేతులెత్తారు. ఇంకొకరు ఎత్తారు. కెర్న్స్ మొహం కందగడ్డలా అయింది. ఆ మార్కరుతో తనే ఏదైనా రాయాలి, లేకపోతే మూతపెట్టి జేబులో వేసుకోవాలి. రెండూ చెయ్యలేక అలాగే నిలబడ్డాడు. బెల్టు మొదలయ్యే గంట మోగింది.

ఇద్దరూ వెళ్ళి పక్కపక్కన నిలబడ్డారు. మొదటి ముక్క ఇంకా రాలేదు. ఆదివారం సంగతి అలాగే ఉంది, అత్తగారికి చెప్పాల్సింది అలాగే ఉంది, పోస్టు ఎవరికిస్తాడో, ఇవ్వనే ఇవ్వడో తెలియదు. బోర్డు మీద రెండు పేర్లూ, వాటి పక్కన ఖాళీ అలాగే ఉన్నాయి.

"భిన్నాలు ఆదివారం మధ్యాహ్నం చెబుతా. కేకు మిగిలింది, తెస్తా," అంది వెర్లీన్ కత్తి అందుకుంటూ.

"సరే వదినా."

వెర్లీన్ కత్తి అంచు వేలితో చూసుకుంది. తను అంత చెప్పి నవ్వులపాలైతే, అది మూడు ముక్కల్లో అందరినీ తనవైపు తిప్పుకుంది. చేతులు తడిగా ఉన్నాయండీ! ఇన్నేళ్ళుగా తన చేతులూ తడిగానే ఉన్నాయి కదా, ఆ మాట తనకెందుకు తట్టలేదు? కడుపులో మళ్ళీ మండింది. పక్కకి తిరిగి ఒడెస్సాని గుర్రుగా ఒక చూపు చూసి, వస్తున్న మొదటి ముక్కకి చెయ్యి చాపింది.